గాలిబావి

పొద్దున పదకొండయ్యేసరికి ఆ ఇంట్లోవాళ్లు నేలకిందికి దిగిపోయేవాళ్లు. ఆ ఇల్లొక్కటే కాదు, వీధి వీధంతా అంతే. ఎండ ముదిరిన రెండు నెలలూ ఆ ఊళ్లో కాస్త కలిగినవాళ్లెవరూ మధ్యాహ్నం పూట నేలమీద ఉండరు. దుకాణాలు మూసి, కిటికీలు బిగించి, ఇంటికింద తవ్వించుకున్న గదిలోకి దిగితే మళ్లీ ఐదింటికే పైకి రావడం. ఆ వేళ వీధిలో నడిచేవాడికి, ఊరు ఖాళీ చేసి జనమంతా ఎటో వెళ్లిపోయారేమో అనిపిస్తుంది.

ముందు మామగారు దిగుతారు, చేతిలో విసనకర్ర, చంకలో దిండు. వెనక అత్తగారు, మోకాళ్లు పట్టుకుని, మెట్టుకో మూలుగు చొప్పున. ఆవిడ వెనక మరిది. తండ్రితోపాటు బట్టల దుకాణంలో పొద్దుటినుంచీ తానులు విప్పి, చుట్టి, అప్పటికే సగం నిద్రలో ఉంటాడు. తర్వాత అతని భార్య. చిన్నకోడలుగా ఆ ఇంటికొచ్చి నాలుగు నెలలే అయింది. చివర్న పిచ్చుక. ఏడేళ్ల ఆ పిల్లకి పెట్టిన పేరు వేరే ఉంది గానీ, నోరు మూతపడదు కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆమె పిచ్చుకే.

పిచ్చుక తల్లే ఆ ఇంటి పెద్దకోడలు. పై మెట్టు మీద నిలబడి వాళ్లంతా దిగేదాకా చూస్తుంది. కూతురు వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతుంది. అప్పుడు తనూ దిగి, బయటి తలుపు తనే దగ్గరికి లాగుతుంది. వేడి దూరకుండా ఆ తలుపు అంచులకి పాత దుప్పటి పేలికలు కుట్టి ఉంటాయి. దాని అవతల నాలుగడుగుల సందు, సందు చివర ఇంకో తలుపు, దానికీ పేలికలే. రెండో తలుపు గడియ పడ్డ చప్పుడు ఆమెకి ఏనాడూ వినిపించలేదు. పడే ఉంటుందనుకుని మెట్లెక్కి, మళ్లీ రెండంతస్తులెక్కి మేడమీదికి పోతుంది.

మేడమీద ఒక మూల ఒంటరి గది. పెళ్లయిన కొత్తలో ఆమెకీ భర్తకీ ఇచ్చారు, ఇప్పుడు ఆమెకీ పిచ్చుకకీ మిగిలింది. గదిని ఆనుకుని నిలువెత్తు ఇటుక కట్టడం. చూడ్డానికి పొగగొట్టంలా ఉంటుంది గానీ పొగకోసం కట్టింది కాదు. గాలి వచ్చే దిక్కుకి నోరు తెరుచుకుని, లోపల బావిలా నిలువునా రెండంతస్తులూ దాటి నేలకింది గదిదాకా దిగుతుంది. ఇంట్లో దాన్ని గాలిబావి అంటారు. దాని నోటికి ఒకదానికింద ఒకటి మూడు గడ్డి తడికలు కట్టి ఉంటాయి. అవి తడిగా ఉంటే వాటిలోంచి దూరిన వేడిగాలి చల్లబడి కిందికి దిగుతుంది. ఆరిపోతే దిగేది వడగాలే. ఆ ఎండకి ఆరడానికి పావుగంట చాలు. అందుకని, కింద ఐదుగురు చల్లగా పడుకోవాలంటే పైన ఒకరు చెంబు పట్టుకుని మేలుకుని ఉండాలి. ఈ సంగతి ఇల్లు కట్టిన మేస్త్రీ ఎవరికీ విడమరిచి చెప్పి ఉండడు. ఎవరో ఒకరు ఉండకపోతారా అనుకునే ఇలాంటివి కడతారు.

కాపురానికొచ్చిన మొదటి వేసవే అత్తగారు ఆ చెంబు ఆమె చేతికిచ్చింది. కొత్తకోడలికి పని తెలియాలంది. తొమ్మిదేళ్లయింది. ఈ ఏడు ఇంకో కొత్తకోడలు వచ్చింది గానీ, చెంబు పాతకోడలి చేతిలోనే ఉండిపోయింది.

పై తడికకి నాలుగు చెంబులు. నడిమి తడికకి మూడు. కిందిదానికి రెండు చాలు, పైనుంచి కారేది దానికి సరిపోతుంది. విసిరికొడితే సగం నీళ్లు గాలిపాలు, కాబట్టి చెంబు అంచు తడికకి ఆనించి, ఇటుచివరినుంచి అటుచివరికి ఒంపుకుంటూ పోవాలి. తెల్లవారకముందే పెరటి బావిలోంచి తోడి, ఇరవై నాలుగు బిందెలు మోసి మేడమీది తొట్టి నింపుతుంది. రెండింటికల్లా ఆ నీళ్లు కూడా గోరువెచ్చనవుతాయి. అయినా తడికకి వేడినీళ్లా చన్నీళ్లా అని పట్టింపు లేదు, తడి ఉంటే చాలు. ఒక విడత అయ్యాక గది నీడన కూచుని పావుగంట ఆగడం, మళ్లీ లేవడం. గాలిబావిలోంచి ఒక తాడు పైకొచ్చి చిన్న గంటకి కట్టి ఉంటుంది. కింద ఉక్కపోస్తే వాళ్లు తాడు లాగుతారు. ఒకసారి మోగితే నీళ్లు పొయ్యమని. రెండుసార్లు మోగితే ఏదో తెచ్చి బయటి తలుపు దగ్గర పెట్టి పొమ్మని. కిందివాళ్లు పైకి చెప్పుకోవడానికి తాడుంది. పైనున్నవాళ్లు కిందికి చెప్పడానికి ఏమీ లేదు. అంత అవసరం ఏం పడుతుందనుకున్నారో!

"నాలుగు. ఇక నీకు మూడు," అంటుంది తడికలతో. ఒక్కర్తే ఉండి ఉండి ఆమెకి మాట్లాడుకునే అలవాటైంది. గంట మోగితే, "వస్తున్నానమ్మా మోకాళ్ల మహారాణీ, నిన్ను చల్లబరచాలంటే ఏరు మొత్తం తోడాలి," అంటుంది. ఎవరూ వినని చోటే కాస్త నోరు చేసుకుంటుంది.

ఒకనాడు ఐదింటికి అందరూ పైకొచ్చారు, బుగ్గల మీద దిండు ముడతలతో. అత్తగారు జుట్టు ముడేసుకుంటూ, "ఇవాళ ఆరో విడత నడిమి తడికకి రెండే పోశావేం?" అంది.

నిజమే. ఆరో విడతకి కళ్లు తిరిగి రెండు చెంబులతో సరిపెట్టింది. ఇలాంటివి ఆవిడకెలా తెలుస్తాయో ఆమెకి ఎప్పుడూ ఆశ్చర్యమే. చల్లదనంలో అంత తేడా కూడా కనిపెట్టే ఒళ్లు కాబోలు అనుకుంది.

ఎదురింటావిడ కబుర్లకని వచ్చి అరుగు మీద కూచుంది. ఎండల గురించి మాట మొదలయితే అది ఎక్కడికి పోతుందో పెద్దకోడలికి తెలుసు. చీపురు తీసుకుని లేచింది గానీ, ఆలోపే పోనే పోయింది.

"ఇలాంటి ఎండల్లోనేగా నా పెద్దకొడుకు పోయింది," అంది అత్తగారు. "మూడేళ్లు నిండాయి. దీనికి నోట్లో నాలుక లేదమ్మా. వాడు వడదెబ్బ తిని పైన గదిలో పడి ఉంటే, గొంతెత్తి ఒక్క కేక పెట్టలేకపోయింది. పెట్టి ఉంటే ఇంటిల్లిపాదీ ఎగిరి వచ్చేవాళ్లం కాదూ? నేలకింద ఉన్నాం, తలుపులు రెండు. వినిపించేటట్టు పిలవాలా వద్దా? ఇది పిలిచిన పిలుపు పిట్టగోడ మీద పిల్లి కూడా విని ఉండదు."

ఎదురింటావిడ జాలిగా ఇటు చూసింది. ఆ జాలి తన మీదో అత్తగారి మీదో పెద్దకోడలికి అర్థం కాలేదు. మూడేళ్లుగా వచ్చినవాళ్లందరికీ అత్తగారు ఈ మాట చెప్పడం, ఆమె వినడం. ఇప్పుడు తనకీ అలాగే అనిపిస్తుంది. ఆ రోజు దుకాణానికి వచ్చిన మూటలు విడిపించుకు రమ్మని మామగారు పంపితే, భర్త రెండింటికి తిరిగొచ్చి, మెట్లెక్కి, మంచం మీద వాలిపోయాడు. ఒళ్లు పొయ్యిమీది పెనంలా ఉంది. ఆమె నీళ్లు కుమ్మరించింది. కిందికి పరిగెత్తి రెండు పిడికిళ్లతో బయటి తలుపు బాదింది. వీధిలోకి పరిగెత్తింది, అక్కడెవరున్నారు గనక! మళ్లీ పైకొచ్చి గాలిబావి నోట్లో తలపెట్టి అరిచింది, ఐదయ్యేదాకా అరిచింది. గట్టిగానే అరిచాననుకుంది. ఎవరూ రాలేదు కాబట్టి, అది గట్టిగా కాదన్నమాట. ఇంకొంచెం గొంతు ఉండి ఉంటే ఆయన బతికేవాడన్నమాట.

రాత్రి వంట చేస్తుంటే చిన్నకోడలు వచ్చి పక్కన కూచుంది.

"అక్కా, రోజూ నువ్వేనా పైన? వంతులు లేవా?"

"అలవాటైపోయిందిలే."

"అలవాటైతే ఎండ తగలదా?" అంది చిన్నకోడలు. ఉల్లిపాయలు తన ముందుకి లాక్కుంది.

మర్నాడు తెల్లవారుజామున పదిహేడో బిందెతో మెట్లెక్కుతుంటే పెద్దకోడలి కాలు మడతపడింది. బిందె దొర్లుకుంటూ కింది మెట్టుదాకా పోయింది. పొద్దెక్కేసరికి చీలమండ కొబ్బరిబోండంలా వాచింది. మిగిలిన ఎనిమిది బిందెలూ చిన్నకోడలు మోసింది. పదకొండవుతుంటే చెంగు నడుముకి బిగించి, చెంబు తీసుకుంది.

"అక్క కాలు తగ్గేదాకా నేను తడుపుతాను, అత్తయ్యా. అక్క కిందికొస్తుంది."

"తడపడం సరే," అంది అత్తగారు. "దాన్ని కిందికెందుకు? వంటింట్లో చాప వెయ్యండి. రాతినేల, చల్లగానే ఉంటుంది."

"వంటింట్లోనా! పొయ్యి ఇప్పుడేగా ఆర్పాం!"

"వాచిన కాలేసుకుని అన్ని మెట్లెలా దిగుతుంది? ఇంకో కాలూ విరగ్గొట్టుకోవడానికా?"

"నేను పట్టుకుని దింపుతానులే అమ్మా," అన్నాడు మరిది.

అత్తగారు కొడుకు వైపు ఒక చూపు చూసింది. అతను తల గోక్కున్నాడు.

"వంటిల్లు చాలు నాకు," అంది పెద్దకోడలు. గొడవ పెరగడం ఆమెకి ఇష్టం లేదు.

"చాలదు," అంది చిన్నకోడలు. "నేను పైన మాడుతూ పోసే నీళ్లు నీకు కూడా తగలకపోతే నేను పొయ్యను."

"ఎవరెక్కడ పడుకుంటే ఏం!" మామగారు అప్పటికే నాలుగు మెట్లు దిగి ఉన్నారు. "ఎండ లోపలికొస్తోంది, ముందు తలుపు వెయ్యండి."

అలా తొమ్మిదేళ్లకి మొదటిసారి ఆమె మధ్యాహ్నం వేళ నేలకింద ఉంది. ఆ గది ఆమెకి కొత్త కాదు. అందరూ పైకొచ్చాక రోజూ ఊడ్చేది తనే, తెల్లారి నేల తుడిచి కూజాలు నింపేది తనే. కానీ ఆ వేళల్లో అది ఉత్త గది. ఇప్పుడు అందులో ఇంకేదో ఉంది. గోడలోంచి, నడుమెత్తున తెరిచిన గాలిబావి అడుగు నుంచి, సన్నగా, ఆగకుండా, తడిగడ్డి వాసనతో చల్లగాలి దిగుతోంది. చాప మీద వాలగానే మెడ వెనక, మోచేతుల మడతల్లో చెమటకాయలు ఒక్కటొక్కటే మంట తగ్గాయి. ఇంత బాగుంటుందా అనుకుంది. తను ఏళ్ల తరబడి చేసి పంపిన చల్లదనాన్ని తను మొదటిసారి రుచి చూస్తోంది. ఏడుపొచ్చేంత హాయిగా ఉంది. ఆ హాయికి సిగ్గు కూడా వేసింది, పైన ఆ పిల్ల ఉంది కదా.

మామగారు అప్పుడే కళ్లు మూసుకుని విసనకర్ర ఊపుతున్నారు. మరిది గోడవైపు తిరిగాడు. అత్తగారు పడుకోలేదు. గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని, పెద్దకోడలి ముఖాన్నే చూస్తోంది.

పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుని గాలిబావి దగ్గరికి లాగింది. "ఇది నా చోటు అమ్మా. రోజూ ఇక్కడే కూచుంటాను."

"గాలి బాగా తగులుతుందనా?"

"ఊఁహుఁ," అంది పిచ్చుక. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముఖం చిట్లించింది. "అమ్మా, మరి నువ్విక్కడుంటే ఇవాళ పైన ఎవరు మాట్లాడతారు?"

"నేనేం మాట్లాడతానే?"

"నాలుగు, ఇక నీకు మూడు, అంటావుగా. మోకాళ్ల మహారాణీ అంటావుగా."

ఆమె కూతురి నోరు మూయబోయింది. చెయ్యి సగంలో ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడు, చెవి పక్కనే ఎవరో నీళ్లలో చెంబు ముంచారు. బుడుంగుమన్న ఆ చప్పుడు ఎంత దగ్గరగా ఉందంటే ఆమె పక్కకి చూసింది. పక్కన ఏమీ లేదు, గాలిబావి తప్ప. తర్వాత నీళ్లు కారిన చప్పుడు. గాజులు. "అమ్మో, ఇటుకలు కాలిపోతున్నాయి," అన్న చిన్నకోడలి గొంతు, గొణుగుడే, కేక కూడా కాదు. తర్వాత ఏదో కూనిరాగం. అందులో తప్పుపోయిన చోటు కూడా తెలుస్తోంది.

పెద్దకోడలు కదలకుండా కూచుంది. మొదటి విడత అయింది. రెండో విడత. ఆరో విడత నడిమి తడికకి రెండే పోశావేం అన్న మాట గుర్తొచ్చింది. ఒళ్లు చల్లదనాన్ని కనిపెట్టడం కాదు, చెవి లెక్కపెట్టడం. తలెత్తి అత్తగారిని చూసింది. ఇప్పుడు ఆవిడ కళ్లు మూసుకుని ఉంది, రెప్పలు మాత్రం అదురుతున్నాయి.

ఎన్నో విడతో, కూనిరాగం ఆగిపోయింది. చెంబు జారి ఇటుకల మీద దొర్లింది.

"అబ్బా," అంది చిన్నకోడలి గొంతు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ, "ఏవండీ... కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. ఒకసారి ఎవరైనా పైకి రండి. అక్కా!"

మరిది మోచేతి మీద లేచాడు. పైన ఉన్నది అతని పెళ్లామే, నాలుగు నెలల కిందట చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నది. తలుపు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు.

"పడుకో," అంది అత్తగారు, కళ్లు తెరవకుండానే. "అలాగే అరుస్తారు. కాసేపటికి వాళ్లే ఊరుకుంటారు."

అతను పడుకున్నాడు.

అరుస్తారు అంది ఆవిడ. అరుస్తోంది అనలేదు. ఆ మాట పెద్దకోడలి లోపల ఎక్కడో అడుక్కి దిగిపోయింది. మూడేళ్లు. మూడేళ్లుగా తన గొంతునే తను తిట్టుకుంది. ఆ గొంతు సరిగ్గా ఇక్కడికే వచ్చింది. ఈ చాపల మీదికి, ఈ కూజాల పక్కకి, వీళ్ల చెవుల్లోకి. ఐదయ్యేదాకా వచ్చింది. వీళ్లు అది ఊరుకుంటుందని ఎదురుచూశారు. పొద్దున ఆవిడ వంటింట్లో పడుకోమన్నది తనమీద జాలితో కాదు, కచ్చతోనూ కాదు. భయంతో.

గోడ పట్టుకుని లేచింది. లోపలి తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"తలుపు తియ్యకు," అన్నారు మామగారు. విసనకర్ర ఊపడం ఆపలేదు. "ఇప్పుడు తీశావంటే సాయంత్రం దాకా గది మళ్లీ చల్లబడదు."

"ఆ రోజూ ఇదే మాట అన్నారా, మామయ్యా?" అంది.

ఆమె గడియ తీసింది. సందు దాటి బయటి తలుపూ తీసింది. రెండు తలుపులూ గోడకి ఆనేదాకా బార్లా తెరిచి, నీళ్ల కూజా ఒకటి అడ్డుపెట్టింది. మెట్ల మీదినుంచి ఎండ వేడి ఒక్కసారిగా లోపలికి దొర్లింది. వాచిన కాలు మోపలేక చేతులతో పాకుతూ మెట్లన్నీ ఎక్కింది, మళ్లీ రెండంతస్తులూ ఎక్కింది. దారంతా ఏడ్చింది. నొప్పికి మాత్రం కాదు.

చిన్నకోడలు తొట్టి పక్కన, తడిసిన ఇటుకల మీద పక్కకి ఒరిగి ఉంది. ఆమెని చంకల్లో చేతులేసి గది నీడలోకి ఈడ్చింది. తలమీద, గుండెలమీద, అరికాళ్లమీద తొట్టిలో మిగిలిన నీళ్లన్నీ కుమ్మరించింది, తడికలకని ఒక్క చుక్క మిగల్చలేదు. గంట ఒకసారి మోగింది. ఆమె తల తిప్పి చూడలేదు. కాసేపటికి ఆ పిల్ల కళ్లు తెరిచి, వాంతి చేసుకుని, నీళ్లు అడిగింది.

"పిలిచాను అక్కా," అంది నీరసంగా. "వినిపించలేదేమో. కింద అంత దిట్టంగా మూసేస్తారుగా."

పెద్దకోడలు చెంగుతో ఆమె ముఖం తుడిచింది. ఈ మాటకి జవాబు తనకి ఎవరూ చెప్పలేదు. మూడేళ్ల కిందట ఒక్కరు చెప్పి ఉంటే!

"వినిపించింది," అంది. "ప్రతి మాటా వినిపించింది. అందరికీ."

చిన్నకోడలు మెల్లగా లేచి గోడకి చేరగిలబడింది. "ఆయన లేచాడా?"

"లేచాడు."

"మరి?"

"మళ్లీ పడుకున్నాడు."

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరూ కేకలెయ్యలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. మరిది తన భార్య మంచం దగ్గరికి నిమ్మరసం తెచ్చి, "మంచి నిద్రలో ఉన్నానే," అన్నాడు. ఆమె గ్లాసు తీసుకుని తాగింది గానీ అతని ముఖం చూడలేదు. ఎదురింటావిడ వస్తే అత్తగారు తలనొప్పని చెప్పి లోపల పడుకుంది.

మర్నాడు తెల్లారి ఎవరూ బిందె ముట్టలేదు. పదకొండయింది. మామగారు విసనకర్రా దిండూ తీసుకుని దిగారు. వెనక అత్తగారు, మరిది, పిచ్చుక. వాళ్ల వెనక, ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఇద్దరు కోడళ్లు. చిన్నకోడలే రెండు తలుపులూ వేసి, లోపల గడియ పెట్టింది.

మామగారు చాపమీద కూచుని లెక్క చూసుకున్నట్టు అందరినీ చూశారు. "పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మామయ్యా," అంది పెద్దకోడలు.

పావుగంట గడిచింది. గాలిబావిలోంచి వచ్చే గాలికి తడిగడ్డి వాసన పోయి, ఎండుగడ్డి వాసన వచ్చింది. తర్వాత వేడి దిగడం మొదలుపెట్టింది. అరగంటకి అందరి వీపులూ చాపలకి అంటుకున్నాయి. మామగారు చొక్కా విప్పేశారు. ఉండబట్టలేక తాడు లాగారు. అలవాటుగా లాగి ఉంటారు. పైన ఎవరూ లేని మేడమీద గంట మోగింది, ఆ మోత చక్కగా కిందికి వినిపించింది. మళ్లీ లాగారు. మళ్లీ చక్కగా వినిపించింది. పిచ్చుక కిసుక్కున నవ్వింది, ఎవరూ కసరలేదు.

అత్తగారు మోకాళ్లు పట్టుకుని లేచింది.

"ఎక్కడికి?" అన్నారు మామగారు.

ఆవిడ తనే గడియ తీసుకుని బయటికి పోయింది. చిన్నకోడలు లేచి తలుపు మూసింది. పెద్దకోడలు ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు, ఆ మాట ఎవరిదగ్గర దాచాలి? అరవై ఏళ్ల మనిషి ఆ మోకాళ్లతో, ఆ ఎండలో, ఖాళీ తొట్టి దగ్గరికి పోతోంది. పోనీ అనుకుంది. ఒక్కరోజు.

చాలాసేపటికి పెరటి బావి గిలక చప్పుడు, ఇంటి గోడల గుండా లీలగా. ఇంకా చాలాసేపటికి గాలిబావిలోంచి బిందె దించిన చప్పుడు, రొప్పు. ఒక్కొక్క ఊపిరీ తెలుస్తోంది. తర్వాత తడికమీద నీళ్లు కారాయి. ఆవిడకి ఒంపడం చేతకాదు, విసిరి కొడుతోంది. పైన ఇటుకలమీద పడ్డ నీళ్లు చుయ్యిమన్నాయి.

తర్వాత ఆవిడ మాట్లాడింది. కిందివాళ్లతో కాదు.

"ఇక్కడేగా నాన్నా పడుకున్నావు," అంది. గదిలోకి చూస్తూ అంటున్నట్టుంది. "అమ్మా అన్నావు. రెండుసార్లు అన్నావు. నువ్వు ఇంటికొచ్చి, ఆకలేసి గోల చేస్తున్నావనుకున్నానురా. తర్వాత అది అరిచింది. అప్పుడు లేచాను. తలుపుదాకా వచ్చాను నాన్నా, గడియ మీద చెయ్యి కూడా వేశాను. మీ నాన్న తియ్యొద్దన్నారు. తియ్యొద్దంటే ఆగిపోవడమేనా? ఎవరాపగలరు నన్ను! నేనే ఆగాను. వచ్చి పడుకున్నాను. అది అరుస్తూనే ఉంది. దానికి నోరు లేదని ఊరంతా చెప్పాను. దాని గొంతు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉందిరా, పడుకోనివ్వదు."

కింద విసనకర్ర ఆగిపోయింది. మామగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన వీపుమీద చెమట ధారలు కట్టింది. మరిది రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చిన్నకోడలు పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. పిచ్చుక మాత్రం తన చోట్లో కూచుని, తల పైకెత్తి, రోజూ వినేటట్టే శ్రద్ధగా వింది.

పెద్దకోడలు ప్రతి మాటా వింది. ఈ మాట కోసం నిన్నటినుంచీ ఎదురుచూసింది. వింటే గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. తలుపు గడియ మీద వేసిన చెయ్యి ఒకటి కళ్లముందు కనిపించింది, తియ్యని చెయ్యి. వినిపించలేదన్న అబద్ధంతో ఇన్నాళ్లూ ఎలాగో బతికింది. ఈ నిజంతో ఎలా బతకాలో తెలియలేదు. పైన ఆవిడ ఏడుస్తూ నీళ్లు కొడుతూనే ఉంది. గాలి కాస్త చల్లబడింది. ఎవరూ లేచి పైకి పోలేదు. ఆమె కూడా పోలేదు.

ఐదింటికి తలుపులు తీశారు. అత్తగారు పై మెట్టు మీద కూచుని ఉంది. ముఖం కమిలి ఎర్రగా ఉంది, పెదాలు పగిలాయి, చీర మోకాళ్లదాకా తడిసి ఒంటికి అంటుకుంది. మామగారు తల వంచుకుని పక్కనుంచి ఎక్కి పోయారు. మరిదీ అంతే. పెద్దకోడలు కుంటుతూ వచ్చి ఆవిడ ఎదుట ఆగింది.

అత్తగారు ఆమె కళ్లలోకి చూసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చూడలేదు.

"కిందికి ఏమైనా వినిపించిందా?" అని అడిగింది.

పెద్దకోడలు ఆ కమిలిన ముఖం వైపు చూసింది.

"లేదత్తయ్యా," అంది. "నేలకింద ఉన్నాం కదా. తలుపులు రెండు."

అత్తగారు తల దించుకుంది. చేతిలోని చెంబు ముందుకి చాపింది. పెద్దకోడలు దాన్ని అందుకోలేదు. ఆవిడ పక్కనుంచి, గోడ పట్టుకుని, మెల్లగా పైకి ఎక్కిపోయింది.